సఫారీ అంటే అసలేంటి? క్రికెట్ టీమా, అడవా, సూటా?

తెనాలి_నాన్న
అందరికీ నమస్కారమండి. మా పాప అయిదో తరగతి. పొద్దున్నే పేపర్లో ఆటల పేజీ పైకి చదవడం దానికి అలవాటు, తెలుగు చదవడం గట్టిపడుతుందని నేనే పెట్టాను. మొన్న సఫారీలు ఓడారని ఏదో హెడ్డింగ్ చదివి నాన్నా సఫారీలంటే ఎవరు అంది. సౌతాఫ్రికా వాళ్లమ్మా అన్నాను. మరి హైదరాబాద్ జూలో బస్సెక్కి సింహాల్ని చూశాం కదా అది కూడా సఫారీయే అన్నావుగా అంది. అవునన్నాను. అప్పుడు గోడ మీద మా నాన్నగారి ఫోటో చూపించి, తాతయ్య వేసుకున్నది సఫారీ అని నానమ్మ చెప్పింది, మరి తాతయ్య సౌతాఫ్రికా వెళ్లాడా అంది. ఇక నా దగ్గర జవాబు లేదు. ఆదివారం లోపు కనుక్కుని చెప్తానని మాటిచ్చాను. ఈ మూడింటికీ ఒకే మాట ఎలా వచ్చిందో తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, పిల్లకి తప్పు చెప్పడం నాకిష్టం లేదు.

పాత_ఆటలపేజీ
తెనాలి గారూ, ఆటల డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి మొదటి ముక్క నేను చెప్తాను. దక్షిణాఫ్రికా అనే మాట సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో పట్టి చావదు. పట్టినా పక్కన ఇంకో మాటకి చోటుండదు. అందుకే న్యూజిలాండ్‌కి కివీస్, ఆస్ట్రేలియాకి కంగారూలు, శ్రీలంకకి లంకేయులు, అలాగే వీళ్లకి సఫారీలు. నేను డెస్కులో చేరేటప్పటికే ఈ మాట వాడుకలో ఉంది. వాళ్ల టీమ్‌కి వాళ్లు పెట్టుకున్న పేరు ప్రొటీస్, అదొక పువ్వు పేరు. అదీ రాస్తాం గానీ ప్రొటీస్ అంటే పల్లెటూరి పాఠకుడికి ఏమీ గుర్తు రాదు, సఫారీ అంటే ఆఫ్రికా గుర్తొస్తుంది. అంతవరకే. ఆ మాట నిజంగా సౌతాఫ్రికాదేనా అని మేమెవరం అప్పట్లో ఆలోచించలేదు, ఇది ఒప్పుకోవాలి.

దారెస్సలాం_తెలుగోడు
సౌతాఫ్రికాది కాదు సార్. అది స్వాహిలీ మాట, అంటే మా వైపు మాట, నేను టాంజానియాలో పదకొండేళ్ల నుంచి ఉంటున్నాను, కందుల ఎగుమతి ఆఫీసులో పని (మన ఇళ్లలో ఉడికే కందిపప్పులో కొంత ఇక్కడి పొలాల్లోదే, ఇక్కడ కందుల్ని ఎంబాజీ అంటారు). టాంజానియా, కెన్యా రెండు దేశాల్లోనూ స్వాహిలీయే నడుస్తుంది. సౌతాఫ్రికాలో మామూలు జనం మాట్లాడే భాష కాదు. నైరోబీ నుంచి జొహానెస్‌బర్గ్ విమానంలో పోయినా దాదాపు 2900 కిలోమీటర్లు, అంటే మన కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా పోయేంత దూరం. అక్కడి టీమ్‌కి ఇక్కడి మాట పెట్టాం మనం.

ఇక అర్థం. సఫారి అంటే ప్రయాణం. అంతే. సింహం లేదు, జీపు లేదు, అడవి లేదు. ఏ ప్రయాణమైనా సఫారియే. నేను చేరిన మొదటి వారం మా పెద్దాయన కోసం అడిగితే ఆఫీసులో అమ్మాయి యుకో సఫారిని అంది, అంటే ఆయన సఫారిలో ఉన్నాడని. ఈయన పనిరోజుల్లో అడవికెళ్లాడేంటా అనుకున్నాను. ఆయన వెళ్లింది ముత్వారా అనే ఊరికి, సరుకు చూడ్డానికి. మా వాచ్‌మన్ వాళ్లమ్మని చూడ్డానికి ఊరెళ్తే అదీ సఫారియే. బస్సెక్కేటప్పుడు అందరూ చెప్పేది సఫారి న్జేమా, అంటే క్షేమంగా వెళ్లిరా అని. ప్రయాణించేవాడు మ్సఫిరి, గుంపుగా పోయే బిడారు మ్సఫరా. కెన్యా ఎయిర్‌వేస్ పత్రిక పేరు కూడా మ్సఫిరి.

మనిషి పోయినప్పుడు కూడా సఫారి యా మ్విషో అంటారు. చివరి ప్రయాణం. మనం అంతిమ యాత్ర అంటాం చూడండి, అచ్చం అదే. ఆ మాట మొదటిసారి మా వాచ్‌మన్ వాళ్లమ్మ పోయినప్పుడు విన్నాను, అప్పటి నుంచి టూరిస్టు బోర్డుల మీద సఫారీ అని చూసినప్పుడల్లా ఆ ఇంటి ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీలు గుర్తొస్తాయి నాకు.

నల్గొండ_ఉర్దూ_సార్
అన్నా మంచిగ చెప్పినవ్. దీని మూలం అరబ్బీ. అరబ్బీల సఫర్ అంటే ప్రయాణం, అక్కడికెళ్లి ఒకపక్క సముద్రం మీద వ్యాపారులతోని స్వాహిలీలకు పోయింది, ఇంకోపక్క ఫార్సీ, ఉర్దూ మీదుగ మన దిక్కు వచ్చింది. సఫర్, హమ్‌సఫర్, ముసాఫిర్, ముసాఫిర్‌ఖానా, అన్నీ ఒక్క ఇంటి మాటలే. మన తెలుగు డిక్షనరీలల్ల కూడ ముసాఫరుఖానా ఉంటది, బాటసారులు దిగే సత్రం అని. స్వాహిలీ అన్న పేరు కూడ అరబ్బీదే, సవాహిల్ అంటే సముద్రపు ఒడ్లు.

నేను బడిల పిల్లలకు ఇంకో సంగతి చెప్త ఎప్పుడూ. ఇవి దూరదేశం మాటలు అని అనుకోవద్దు. స్వాహిలీల సమాచారాన్ని హబారి అంటరు, అరబ్బీ ఖబర్. మన తెలుగుల కబురు ఎక్కడిది అనుకున్నరు? అదే ఖబర్. కబురు పంపిన, చల్లటి కబురు, కబుర్లు చెప్పుకున్నం అని రోజు అంటం గద.

దారెస్సలాం_తెలుగోడు
అయ్యో సార్, ఒళ్లు జలదరించింది నిజంగా. ఎందుకంటే ఇక్కడ ఊరి నుంచి తిరిగొచ్చిన మనిషిని ఎవరైనా మొట్టమొదట అడిగేది హబారి యా సఫారి? అని. ప్రయాణం కబురేంటి అని! రెండు మాటలకీ మన దగ్గర చుట్టాలున్నారు, పదకొండేళ్లు రోజూ వింటూ కబురు సంగతి నాకు తట్టనేలేదు.

ఇంకొన్ని చెప్తాను వినండి. మందుని ఇక్కడ దవా అంటారు (మీ తెలంగాణలో దవాఖాన). పుస్తకం కితాబు. బండి గారి, అది మన దేశం నుంచే వచ్చిన మాట, గాడీ. ఇన్సూరెన్స్‌ని బీమా అంటారు, లక్షని లాకి అంటారు, చపాతీ చపాతీయే. కితాబులో ఇంకో సొగసుంది. స్వాహిలీలో వస్తువుల పేర్ల ముందు కి ఉంటే ఒకటి, వి ఉంటే చాలా అని ఒక పద్ధతి. అరబ్బీ నుంచి వచ్చిన కితాబులో మొదటి కి అక్షరాన్ని కూడా తమ కి అనుకుని, చాలా పుస్తకాలుంటే వితాబు చేసేశారు. పరాయి మాటని ఇంత సొంతం చేసుకోవడం చూసి నాకు ముచ్చటేసింది.

కరీంనగర్_అక్క
తమ్ముడూ, అట్లయితే స్వాహిలీల సింహాన్ని సింబా అంటరు, అది కూడ మన సింహమే గద? సంస్కృతం కెళ్లి పోయిందంటరు. ఇంకోటి, సార్‌ను అడుగుతున్న, మా ఇంటి పక్కన ముస్లింలు సఫర్ నెల అంటరు, ఆ నెలల పెండ్లిల్లు పెట్టుకోరట కొందరు. ఆ సఫర్ ఈ సఫర్ ఒక్కటేనా?

నల్గొండ_ఉర్దూ_సార్
కాదక్కా. తెలుగుల రాస్తే ఒక్కతీరే కనిపిస్తయి గానీ ఉర్దూల అక్షరాలే వేరు. ప్రయాణం సఫర్‌ను సీన్‌తోని రాస్తరు, నెల సఫర్‌ను సాద్‌తోని రాస్తరు. పలికేటప్పుడు మనకు తేడా తెల్వది, రాసినప్పుడే తెలుస్తది. నేను బోర్డు మీద రెండు పక్కపక్కన రాసి చూపిస్త పిల్లలకు.

దారెస్సలాం_తెలుగోడు
అక్కా, సింబా కూడా కాదు. అది స్వాహిలీ కుటుంబమైన బంటూ భాషల సొంత మాట, సింహంతో వినికిడి కలిసిందంతే. నాకూ మొదట్లో అలాగే అనిపించి ఇక్కడి మాష్టారు ఒకాయన్ని అడిగాను. వినడానికి కలిసిన ప్రతి మాటా చుట్టం కాదు.

టైలర్‌గారబ్బాయి
తాతయ్య సూటు సంగతి నేను చెప్తానండి. మా నాన్నగారిది రాజమండ్రిలో టైలరింగ్ షాపు, నా చిన్నతనమంతా ఆ షాపులో కాజాలు కుడుతూ గడిచింది. ఆఫ్రికాలో వేటకెళ్లే తెల్లవాళ్లు వేసుకున్న కోటుకి సఫారీ జాకెట్ అని పేరొచ్చింది. దుమ్మురంగు గుడ్డ, వేడికి పల్చగా, తూటాలూ దిక్సూచీ పెట్టుకోడానికి నాలుగు జేబులు. ఆ దుమ్మురంగునే మనం ఖాకీ అంటాం, ఖాక్ అంటే దుమ్మే, అదీ మన వైపు మాటే. 1968లో పారిస్‌లో ఈవ్ సాన్ లారాన్ దాన్ని ఫ్యాషన్ బట్టగా చూపించాక ఊళ్లవెంట పడింది. మన దగ్గర 70ల్లో, 80ల్లో సఫారీ లేని ఆఫీసరు లేడు.

మన సఫారీ అంటే చొక్కాకీ ప్యాంటుకీ ఒకే గుడ్డ, చొక్కా టక్ చేయకూడదు, పొట్టి చేతులు, వెడల్పు కాలరు, ముందు నాలుగు జేబులు, ప్రతి జేబుకీ మూత, వెనక కింద చిన్న చీలిక. కోటు వేసుకున్న హోదా ఉంటుంది, టై బాధ లేదు, మే నెల ఎండకి చొక్కాలాగే గాలాడుతుంది. టెరికాటన్ అయితే ఇస్త్రీ కూడా పెద్దగా అక్కర్లేదు. గుడ్డ మూడు మీటర్లు పట్టేది. నాన్న సఫారీ కత్తిరించే రోజు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ఎందుకంటే పై జేబుల మూతలు రెండూ ఒక్క నూలుపోగు తేడా లేకుండా ఒకే వరుసలో కూర్చోవాలి, గళ్ల గుడ్డయితే గళ్లు కూడా కలవాలి. జేబు మూత వంకరపోతే ఆ మనిషి ఎంత పెద్ద ఆఫీసరైనా వంకరగా కనిపిస్తాడనేవాడు. పెళ్లిచూపులకి, ప్రమోషనుకి, రిటైర్మెంటుకి సఫారీ కుట్టించుకునేవాళ్లు. తెనాలి గారూ, మీ నాన్నగారి ఫోటోలో ఆ జేబు మూతలు ఒకసారి చూడండి, మంచి టైలరు కుట్టాడో లేదో తెలిసిపోతుంది.

తెనాలి_నాన్న
చూశానండి, రెండూ సమానంగా ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆ ఫోటోలో మొహం తప్ప ఇంకేమీ చూడలేదు నేను. అది ఆయన హెడ్‌మాస్టరు అయినప్పుడు కుట్టించుకున్నదట, అమ్మని అడిగాను ఇప్పుడే.

కానీ ప్రయాణం అనే మాట వేటగాడి కోటు దాకా ఎలా వచ్చిందండి? మధ్యలో ఒక మెట్టు తెగింది నాకు.

మూటలు_మోసినవాళ్లు
ఆ మధ్య మెట్టే నేను చదువుకున్నది. నా పేరు చూస్తేనే తెలుస్తుంది నేనెటువైపో, కాస్త పొడుగ్గా రాస్తాను క్షమించాలి.

1800ల్లో తూర్పు ఆఫ్రికాలో సఫారి అంటే కాలినడక బిడారు. లోపలి అడవుల్లో, గడ్డి మైదానాల్లో సెసె ఈగ కాటుకి గుర్రాలు, గాడిదలు, ఎడ్లు బతకవు. అందుకని సరుకంతా మనుషుల తలల మీదా భుజాల మీదా నడిచింది. సముద్రం ఒడ్డున బగమోయో అనే ఊరు, అక్కడి నుంచి టబోరా మీదుగా టాంగన్యికా సరస్సు ఒడ్డున ఉజీజీ దాకా, దాదాపు 1200 కిలోమీటర్లు, నెలల తరబడి నడక. వెళ్లేటప్పుడు గుడ్డలు, పూసలు, ఇత్తడి తీగ. వచ్చేటప్పుడు ఏనుగు దంతాలు. బానిసల్ని కూడా ఇదే దారిలో తోలుకొచ్చారు, ఈ ముక్క దాచకూడదు. మోసేవాళ్లని వపగాజి అనేవారు, అందులో న్యామ్‌వేజీ జనం ఎక్కువ. ఒక్కొక్కరి మీద 30 కిలోల దాకా బరువు, దానికి తోడు వాళ్ల సొంత చాప, వంట కుండ.

1857లో రిచర్డ్ బర్టన్, స్పీక్ అనే బ్రిటిష్ యాత్రికులు ఇదే దారిలో సరస్సుల కోసం వెళ్లారు, వాళ్లూ అలాంటి బిడారు కట్టుకునే వెళ్లారు. ఆ రోజుల్లో అలాంటివాళ్ల రాతల ద్వారానే ఈ మాట ఇంగ్లీషులోకి ఎక్కింది. తర్వాత 1896 నుంచి 1901 దాకా కెన్యా తీరంలోని మొంబాసా నుంచి విక్టోరియా సరస్సుకి రైలు వేశారు, దానికి మన దేశం నుంచి 30 వేల మందికి పైగా కూలీల్ని తీసుకెళ్లారు, ఎక్కువమంది పంజాబు వాళ్లు. ఆ రైలుతో డబ్బున్నవాళ్లు వేటకి రావడం తేలికైంది. 1909లో అమెరికా అధ్యక్ష పదవి దిగిన వెంటనే థియొడోర్ రూజ్‌వెల్ట్ కొడుకుతో సహా మొంబాసాలో దిగి, వందల మంది మోతగాళ్లతో తిరిగి, ఇద్దరూ కలిసి 500 పైచిలుకు పెద్ద జంతువుల్ని కాల్చారు, మ్యూజియం కోసమని. ప్రపంచమంతా పేపర్లలో చదివింది. అక్కడి నుంచి సఫారీ అంటే వేట అయిపోయింది. మీరడిగిన మెట్టు ఇదే.

బిగ్ ఫైవ్ అంటారు కదా, సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న, అవి అందమైన అయిదు అనుకుంటారు చాలామంది. కాలినడకన వేటాడ్డానికి అన్నిటికన్నా ప్రమాదమైన అయిదు అని వేటగాళ్లు కట్టిన లెక్క అది. 1977లో కెన్యా వేటని పూర్తిగా నిషేధించింది. తుపాకీ పోయి కెమెరా వచ్చింది, మాట మాత్రం అదే ఉండిపోయింది.

నాకు బాధ ఎక్కడంటే, ఆ ఫోటోలన్నిటిలో కోటు వేసుకున్న దొర పేరు కింద రాసి ఉంటుంది. వెనక మూటలెత్తుకుని వరుసగా నిలబడ్డవాళ్లలో ఒక్కరి పేరూ ఉండదు. సఫారి అనేది వాళ్ల భాషలో మాట, దాన్ని నడిచినవాళ్లు వాళ్లు.

పాత_ఆటలపేజీ
మీ పోస్టు రెండుసార్లు చదివానండి. వేట కాకుండా ఇంకో సఫారీ కూడా ఉంది, నా పేజీ వైపుది. 1953లో తూర్పు ఆఫ్రికాలో మొదలైన సఫారీ ర్యాలీ, కార్ల పందెం. బురద, రాళ్లు, వేల కిలోమీటర్లు. దాన్ని 1965, 1974, 1976ల్లో మూడుసార్లు గెలిచినవాడు జోగీందర్ సింగ్, కెన్యాలోనే పుట్టిన సిక్కు. అక్కడ మాత్రం సఫారీ అన్న మాట అసలు అర్థంలో, ప్రయాణంగానే నిలిచింది.

కరీంనగర్_అక్క
మా ఆయన ఫోన్ల బ్రౌజర్ పేరు కూడ సఫారీ, దానికి దిక్సూచి బొమ్మ ఉంటది. నాకిప్పుడు అర్థమైంది ఆ బొమ్మ ఎందుకో.

అనువాదం_పని
అవునక్కా, 2003లో వచ్చిన ఆ బ్రౌజర్, 1998లో వచ్చిన టాటా సఫారీ బండి, రెండూ ప్రయాణం అర్థానికి దగ్గరవే.

నాకొక పనికొచ్చే ప్రశ్న ఉంది. ఒక టూరిజం పుస్తకం తెలుగు చేస్తున్నాను. జంగిల్ సఫారీకి ఏం రాయాలి? వనవిహారం అంటే కార్తీక మాసం భోజనాలు గుర్తొస్తాయి. అటవీ సందర్శన అంటే మంత్రిగారు తనిఖీకి వెళ్లినట్టుంది. రెండు రోజుల నుంచి నాకు షికారు అన్న మాట తిరుగుతోంది. ఫార్సీలో షికార్ అంటే వేట. షికారీ అంటే వేటగాడు. మన తెలుగులోకి వచ్చి ఏమైంది? సాయంత్రం షికారుకెళ్లాం, పడవ షికారు. చంపడం పోయి తిరగడం మిగిలింది. అటు సఫారి ప్రయాణంతో మొదలై వేట మీదుగా చూడ్డానికి తిరగడం దగ్గరికొచ్చింది. ఇటు షికారు వేటతో మొదలై అక్కడికే వచ్చింది. రెండూ చెరో దారిలో వచ్చి ఒకే చోట కలిశాయి కదా, అడవి షికారు అంటే తప్పేంటి?

నల్గొండ_ఉర్దూ_సార్
మాట అందంగ ఉన్నది అమ్మా, కాని నేను ఒప్పుకోను. ఉర్దూ తెలిసినోల్లకు షికార్ అంటే ఇప్పటికీ వేటనే. అమ్రాబాద్ అడవుల నిజాం షికార్‌కు పోయేటోడు. ఫరహాబాద్ కాడ బోర్డు మీద అడవి షికారు అని రాస్తే మా తాత తరం మనిషి తుపాకులు యాడ అని అడుగుతడు.

అనువాదం_పని
సార్, చదివేవాళ్లు తెలుగువాళ్లు. వాళ్ల చెవిలో షికారుకి తుపాకీ లేదు.

నల్లమల_జీపు
మధ్యలో వస్తున్నానండి. శ్రీశైలం రోడ్డులో తుమ్మలబైలు దగ్గర సఫారీకి వచ్చేవాళ్లని తిప్పుతుంటాను. మా దగ్గర అందరూ సఫారీ అనే అంటారు, చెంచు గూడెం పిల్లలు కూడా. కాబట్టి మాట మార్చడం ఇక మన చేతిలో లేదనుకుంటా.

కానీ ఆ మాటకి ప్రయాణం అని అర్థమని ఇవాళే తెలిసింది. మాకు రోజూ ఒకటే గొడవ. బండెక్కగానే పులి కనపడుతుందా అంటారు, కనపడకపోతే డబ్బులు దండగ అంటారు. నల్లమల పులి అంత తొందరగా కనపడదు, చెట్లు దట్టం, లోయలు లోతు. నిన్న పొద్దున ఆరున్నరకి దారి మలుపులో మెత్తటి దుమ్ములో అడుగు కనపడింది. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేదు, వెనక మడమ దగ్గర మూడు మెత్తలుగా విడిపోయి ఉంది. కుక్క అడుగయితే గోళ్లు పడతాయి. అంచులు ఇంకా విరిగిపోలేదు, దాని మీద ఎండుటాకు కూడా పడలేదు, అంటే తెల్లవారుజామునే దాటింది. నాతో ఉన్న చెంచు అన్న వేలితో నోరు మూసుకోమన్నాడు. పైన కొండముచ్చు ఒక్కసారి ఖక్ మంది, కాసేపటికి లోయలోంచి కణితి (పెద్ద జింక) అరిచింది. రెండూ ఒకే వైపు నుంచి. అవి అలా బెదిరి అరిచాయంటే పులి అక్కడే ఉంది, మమ్మల్ని చూసే ఉంటుంది. బండిలో అయిదుగురున్నారు, ఊపిరి బిగబట్టుకుని పది నిమిషాలు కూచున్నాం. కనపడలేదు. దిగేటప్పుడు ఒకాయన ఏమీ చూపించలేదు కదా అన్నాడు. నాకు చాలా బాధేసింది, ఆ పది నిమిషాలకి మించి ఏం చూపించాలి?

ఈసారి బండి కదిలించే ముందే చెప్తాను, దీని పేరు ప్రయాణం అని. జులై నుంచి సెప్టెంబరు దాకా అడవి మూస్తారు, ఆ లోపు వచ్చేవాళ్లుంటే రండి.

మూటలు_మోసినవాళ్లు
ఆ చెంచు అన్న పేరు కూడా చెప్పండి వచ్చినవాళ్లకి, బండెక్కగానే.

నల్లమల_జీపు
తప్పకుండా చెప్తానండి. ఇన్నాళ్లూ గైడు అని మాత్రమే చెప్పేవాణ్ని.

అనువాదం_పని
మీ పోస్టు చదివాక నిర్ణయించుకున్నాను. సఫారీ అనే ఉంచుతాను, మొదటిసారి వచ్చినచోట ప్రయాణం అనే అర్థం కూడా ఒక వాక్యంలో చెప్తాను. పడవ దగ్గర మాత్రం షికారే రాస్తాను, సార్ ఏమన్నా సరే. ఒక్క చిన్న అనుమానం, సఫారి అని రాయాలా సఫారీ అని రాయాలా?

దారెస్సలాం_తెలుగోడు
స్వాహిలీలో ఒత్తు దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుందండి. అందుకే ఫా సాగుతుంది, రి పొట్టిగా ఆగిపోతుంది. సఫారి. కానీ తెలుగు పేపర్లలో దీర్ఘం స్థిరపడింది, మనం పలికేదీ అలాగే, కాబట్టి రెండూ నడుస్తాయి.

తెనాలి_నాన్న
ఆదివారం కాకుండానే చెప్పేశానండి పాపకి. బగమోయో నుంచి ఉజీజీ దాకా మ్యాప్‌లో వేలితో నడిపించాను. తాతయ్య ఫోటో కిందికి దింపి జేబు మూతలు కొలిచింది స్కేలుతో, రెండూ సమానమేనట. సౌతాఫ్రికా వాళ్లని సఫారీలు అనడం తప్పు కదా నాన్నా, పేపరుకి ఉత్తరం రాద్దామా అంటోంది, రాయమన్నాను.

ఇందాక గుంటూరు వెళ్లి వచ్చాను, చెప్పులు విడవకముందే గుమ్మంలో నిలబడి హబారి యా సఫారి అని అడిగింది. నాకు జవాబు తెలియక బాగుందమ్మా అన్నాను. స్వాహిలీలో ఏమనాలండి?

దారెస్సలాం_తెలుగోడు
న్జూరి అనండి. చాలా బాగా జరిగితే న్జూరి సానా. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు కరిబు అంటారు, లోపలికి రా అని. అది పాపకి నేర్పండి.